గొలుసుతో కొలిచే ఆట

పోయిన వారం మా వీధిలో కాలువ వెడల్పు చేయడానికి కార్పొరేషన్ మనుషులు కొలతలు తీసుకుంటున్నారు. ఒకతను కాంపౌండు గోడ దగ్గర టేపు కొస నొక్కిపట్టి కూర్చున్నాడు. ఇంకొకతను దాన్ని రోడ్డు మధ్యకు లాక్కుపోయాడు. మూలింటి పెద్దాయన చెప్పులు కూడా వేసుకోకుండా బయటికొచ్చి, "ఇంకోసారి పట్టప్పా, టేపు వదులుగా ఉండాది" అని వాదన పెట్టుకున్నాడు. నేను ఆఫీసు క్యాబ్ కోసం గేటు దగ్గర నిలబడి, నాకు తెలియకుండానే మూడో అంతస్తు బాల్కనీ వైపు చూశాను. సిస్టరమ్మ ఉండుంటే ఈపాటికి కిందికి దిగేది. టేపు మొదటి అంకె దగ్గర అరిగిపోయిందేమోనని చేతిలోకి తీసుకుని చూసేది.

ఆమె పోయి ఏడాది కావస్తోంది.

మహదేవపురలోని మా అపార్ట్‌మెంట్‌లో మాకు ఎదురు ఫ్లాట్ ఆమెది. ఒంగోలు వైపు మనిషి. కువైట్‌లో నర్సుగా చేసి, పని మానేశాక, కాడుగోడిలో ఉన్న చెల్లెలికి దగ్గరగా ఉంటుందని ఇక్కడ చేరింది. పెళ్లి చేసుకోలేదు. ఎముకలు కనిపించే పొడుగాటి మనిషి. నీరుకావి రంగు నూలు చీరలు, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం. అందరికీ ఆమె సిస్టరమ్మే. పేరుతో పిలిచినవాళ్లను నేనెరగను.

ఆమె ఎవరినీ నమ్మేది కాదు. ముందు ఆ మాట చెప్పకపోతే ఆమె గురించి ఇంకేం చెప్పినా అర్థం కాదు. పాల ప్యాకెట్టును దీపం వెలుతురుకు ఎత్తి చూసేది. కూరగాయలు ఇంటికి తెచ్చి మళ్లీ తూచేది. గ్యాస్ సిలిండర్ తెచ్చిన మనిషిని గుమ్మం దగ్గరే నిలబెట్టి, సీలు మీద సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తాయేమో చూసేది. ఎవరింటికి వెళ్లినా మందుల డబ్బా కనిపిస్తే చాలు, చొరవగా తీసి ఒక్కో అట్ట వెనక్కి తిప్పి తేదీ చదివేది. కాడుగోడి చర్చిలో పాస్టర్‌గారు వాక్యం చదువుతుంటే, తన పుస్తకంలో కూడా అలాగే ఉందో లేదో వేలు పెట్టి చూసుకునేదని ఆమె చెల్లెలే నవ్వుతూ చెప్పింది.

ఎవరేం చెప్పినా ఆమె అడిగేది ఒకటే ప్రశ్న. "నువ్వు చూశావా, ఎవరైనా చెప్పారా?" లిఫ్ట్‌లో ఎవరో, కింద ఫ్లాట్ వాళ్లు విడిపోతున్నారట అన్నా అదే ప్రశ్న. ఈసారి ఎండలు ముదురుతాయట అన్నా అదే ప్రశ్న. దాంతో ఆమె లిఫ్ట్ ఎక్కితే అందరూ మాటలు ఆపేసేవాళ్లు.

అలాంటి మనిషిని అనుమానించకుండా ఎలా ఉంటాం? మేమూ అనుమానించాం. ముఖ్యంగా మా అమ్మ.

మాది ఈ కన్నడ నగరపు పాత పేటలో తరాలుగా ఉన్న తెలుగు కుటుంబం. నాన్న పట్టుచీరల కొట్లో లెక్కలు చూసేవాడు. ఆయనకు పక్షవాతం వచ్చాక, ఆ ఇరుకు మెట్ల ఇంట్లో ఇక కుదరదని ఇద్దర్నీ నా ఫ్లాట్‌కు తెచ్చుకున్నాను. అమ్మకు కొత్త చోటు, కొత్త గోడలు. చెవులు గోడలకే ఆనించి ఉండేవి. వచ్చిన కొత్తలోనే ఒకరోజు నాతో అంది.

"పాపా, ఎదురింటి ఆయమ్మ సోమారం సోమారం తెల్లారతానే ఎవురితోనో జగడమాడతా ఉండాది. మొగోళ్ల గొంతులు గూడా ఇనపడతాయి."

"నీకెందుకమ్మా, సుమ్నే ఉండు."

"నాకెందుకా? ఎదురుబొదురు ఉండేవాళ్లం. రేపు గలాట అయితే పోలీసులు మన తలుపే కదా తట్టేది."

ఆ తర్వాతి సోమవారం నేనూ విన్నాను. ఒక కేక. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. మళ్లీ, "కళ్లున్నాయా మీకు, చూసి చెప్పండయ్యా" అని ఆమె గొంతు. అమ్మ నా చేతిలో గిన్నె పెట్టి, తోడుకు మజ్జిగ అడిగిరమ్మని తోసింది.

తలుపు గొలుసు తీయకుండానే సందులోంచి ఒక కన్ను కనిపించింది. "మజ్జిగా? మీ ఫ్రిజ్‌లో లేదా? ఎవరు పంపారు నిన్ను?" అంది. అమ్మ అని నిజం చెప్పేశాను. నిజం చెప్పినందుకేమో గొలుసు తీసింది.

నూలు చీర మీద నీలం రంగు జెర్సీ వేసుకుని ఉంది. గుండె మీద పెద్ద అంకె. టీవీలో పచ్చటి మైదానం, మంచు, హెల్మెట్లు పెట్టుకున్న భారీ మనుషులు ఒకరి మీద ఒకరు పడి లేస్తున్నారు. కళ్లతో ఇల్లంతా వెతికినా మగవాళ్లెవరూ లేరు. అది అమెరికావాళ్ల ఫుట్‌బాల్ ఆట. ఆ గొంతులు కామెంటరీవి.

"కూర్చో. నిలబడితే తగాదాకు వచ్చినట్టుంటుంది" అంది.

కూర్చున్నాను. ఆటగాళ్ల కుప్పలోంచి కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి బయటపడింది. ఇద్దరు మనుషులు రెండు కర్రలకు కట్టిన గొలుసుతో మైదానంలోకి పరుగెత్తుకొచ్చి, దాన్ని సాగదీసి పట్టుకున్నారు. బంతి కొస గొలుసు దాటిందా లేదా అని రెఫరీ వంగి చూశాడు. బెత్తెడు దూరం తగ్గింది. సిస్టరమ్మ తల ఊపింది.

"చూశావా అమ్మాయ్, పది గజాలు పోవాలి. పోయామని అంటే చాలదు. గొలుసు పట్టుకొచ్చి కొలుస్తారు. ఇంత పెద్ద దేశంలో ఇంత పెద్ద మనుషులు, బెత్తెడు కోసం ఆగుతారు."

నాకు ఇంకా అనుమానంగానే ఉంది. ఈ వయసులో, ఈ ఊళ్లో, ఒక్క బంధువు కూడా లేని దేశపు ఆట కోసం ఎవరైనా చీకటితో లేస్తారా? పందేలేమైనా కాస్తుందేమో అనుకున్నాను. మర్యాదగా, ఇది ఎలా అలవాటైందని అడిగాను.

కువైట్‌లో ఆమె వార్డులో ఒక అమెరికా ఇంజనీరు తొడ ఎముక విరిగి చాలాకాలం ఉన్నాడట. మంచం ఎదురుగా ఎప్పుడూ ఈ ఆటే. ఒకరోజు ఆమె బీపీ చూస్తుంటే ఆట ఆగిపోయింది. చారల చొక్కా వేసుకున్న రెఫరీ ఒక తెరలోకి తల పెట్టి చూస్తున్నాడు. ఏం చేస్తున్నాడని అడిగిందట.

"తను చెప్పింది తప్పేమోనని మళ్లీ చూసుకుంటున్నాడు, సిస్టర్, అన్నాడు. నాకు చెయ్యి ఆగిపోయింది. అంతమంది ముందు? అన్నాను. అంతమంది ముందే అన్నాడు. చూసి బయటికొచ్చి, నేను చెప్పింది తప్పు అని మైకులో చెప్పాడమ్మాయ్. నా సర్వీసులో ఆ మాట అన్న డాక్టర్ని నేను చూడలేదు."

ఆ ఇంజనీరుది పెద్ద సరస్సు ఒడ్డున మంచు కురిసే ఊరు. ఆ ఊరి జట్టే ఈమె జట్టయింది. అది ఎప్పుడూ గట్టెక్కేది కాదు. బాగా ఆడి, ఆఖర్న ఓడిపోయేది. "గెలిచే జట్టును చూసుకోవచ్చు కదా" అంటే, "గెలిచేవాళ్లను ఎందుకు గెలుస్తున్నారో అనుమానించాలి. వీళ్లతో ఆ బాధ లేదు" అంది. ఒంటి మీది జెర్సీ ఆన్‌లైన్‌లో తెప్పించుకుందట. రాగానే కుట్టు చూసి డూప్లికేటని పట్టేసింది. తిప్పి పంపలేదు. అంకె మొత్తం విప్పి, తన చేత్తో జంట కుట్టు వేసుకుంది. ఇప్పుడది నిజమైనదేనట.

నేను మజ్జిగతో తిరిగొచ్చి, ఆట చూస్తోందమ్మా అని చెప్పాను. అమ్మ నమ్మలేదు.

తర్వాత మా ఇంట్లోనే అనుమానం మొదలైంది.

నాన్నను చూసుకోవడానికి రత్నమ్మ అని కుప్పం మనిషి పగలంతా ఉండేది. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. నాన్నకు ఒక చెయ్యి, ఒక కాలు పనిచేయవు. మాట ముద్దముద్దగా వచ్చేది. రాత్రిపూట కలవరిస్తున్నాడని డాక్టరు అర నిద్రమాత్ర రాశాడు. కొన్నాళ్లకు నాన్న పగలు కూడా నిద్రపోవడం మొదలుపెట్టాడు. వ్యాయామం చేయించడానికి వచ్చినతను లేపి లేపి విసిగి వెళ్లిపోయేవాడు. ఒకరోజు మాత్రల అట్ట చూశాను. ఉండాల్సినన్ని లేవు.

నాకు ఇంకేమీ తోచలేదు. నేను ఆఫీసులో ఉంటాను, అమ్మ పెద్దది. రత్నమ్మకు పగలు మనిషి పడుకుని ఉంటే సుఖం. ఫోను మాట్లాడుకోవచ్చు. ఇలాంటివి ఎన్ని వినలేదు? ఏజెన్సీకి ఫోను చేసి వేరే మనిషిని పంపమందామని నిశ్చయించుకున్నాను. అంతకుముందు, నర్సు కదా, ఒక మాట అడుగుదామని సిస్టరమ్మ తలుపు తట్టాను. నిజానికి ఆమె అవునంటుందనే వెళ్లాను. అందరినీ అనుమానించే మనిషి నా మాట ఒప్పుకోకుండా ఉంటుందా?

మొత్తం విని, "నువ్వు చూశావా?" అంది.

"చూడలేదు. కానీ ఇంకెవరుంటారు సిస్టర్?"

"ఇంకెవరుంటారు అన్నది చూడటం కాదు." కుర్చీలో వెనక్కి వాలింది. "ఆటలో కోచ్ దగ్గర ఒక ఎర్రగుడ్డ ఉంటుంది. రెఫరీ మాట మీద అనుమానం వస్తే దాన్ని మైదానంలోకి విసురుతాడు. అప్పుడు ఆగి చూస్తారు. కోచ్ అనుమానం తప్పని తేలితే అతను ఒక టైమ్‌అవుట్, అంటే ఆట ఆపించుకునే హక్కు ఒకటి, పోగొట్టుకోవాలి. అందుకని ఎలా పడితే అలా విసరడు. నీ అనుమానం తప్పని తేలితే రత్నమ్మకు పని పోతుంది. నీకేం పోతుంది?"

నేను చేతిలోని ఫోనును ఒళ్లో బోర్లించాను.

"నీకేమీ పోనప్పుడు విసరకు. ఫోను చెయ్యకు. నేను వచ్చి కూర్చుంటాను. అందరినీ చూస్తాను. నిన్ను కూడా."

ఆ చివరి మాట నాకు కోపం తెప్పించింది. నా తండ్రికి నేను మందు పెడతానా? అయినా, రండి అన్నాను.

వచ్చింది. నాన్న కాళ్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, అల్లిక ఒళ్లో పెట్టుకుని రోజూ కూర్చునేది. మాత్రల అట్టను ముట్టుకోలేదు. తీసి దాచేద్దామని నేనంటే, "దాచేస్తే తప్పు ఆగిపోతుంది కానీ ఎక్కడ జరిగిందో తెలియదు" అంది. రత్నమ్మ వస్తే రత్నమ్మను, అమ్మ వస్తే అమ్మను, నేను వస్తే నన్ను కళ్లద్దాల పైనుంచి చూసేది. మా ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లం ఒకరి చేతుల వంక ఒకరం చూసుకుంటూ తిరిగాం. రత్నమ్మ భోజనానికి వెళ్తూ, "అమ్మా, పోయొస్తా" అని ముగ్గురికీ విడివిడిగా చెప్పి వెళ్లేది. అంతకుముందు అలా చెప్పేది కాదు.

సోమవారం వచ్చింది. ఆట వదులుకోవడం ఇష్టం లేక సిస్టరమ్మ తెల్లవారుతూనే జెర్సీ వేసుకుని మా ఇంటికే వచ్చి, మా టీవీలో పెట్టించుకుంది. రత్నమ్మ కూడా అప్పుడే వచ్చి నాన్నకు మొహం తుడుస్తోంది. అమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి కాసేపు నిలబడి, తర్వాత సోఫా చివర కూర్చుంది. నీలం చొక్కా కుర్రాడొకడు బంతి పట్టుకుని కింద పడ్డాడు. పడేటప్పుడు బంతి చేతిలోంచి జారింది. ఆట ఆగింది. అదే దృశ్యాన్ని నెమ్మదిగా, మళ్లీ మళ్లీ చూపిస్తున్నారు.

"ఏమాయ సిస్టరమ్మా? ఆ పిల్లోణ్ణి తిడతారా?" అంది అమ్మ.

"తిట్టడానికి కాదు వదినగారూ. మోకాలు నేలకు తగిలాక బంతి జారితే పర్వాలేదు. అంతకుముందే జారితే ఎదుటివాళ్లదవుతుంది. అది ఆ కుర్రాడికి కూడా తెలిసుండదు. అంత బరువు మీద పడితే ఎవరికి తెలుస్తుంది? అందుకే చూస్తున్నారు."

"తెలిసినాక?"

"తెలిసినాక ఏముంది. ఉన్నచోటునుంచి మళ్లీ ఆడతారు."

అమ్మ చాలాసేపు తెర వైపు చూసింది. తర్వాత గ్లాసు కింద పెట్టింది.

"పగటిపూట మాత్ర ఇచ్చేది నేనే."

నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. రత్నమ్మ చేతిలో తుండు అలాగే ఉంది.

"రత్నమ్మ తిండికి పోయినప్పుడల్లా లేస్తానంటాడు. కొట్టుకు పోవల్ల, టైమాయ అంటాడు. కాలు కింద పెడతాడు. పడితే నా చేత ఎత్తేకి అవుతుందా? ఒగసారి పట్టుకోబోయి నేనూ పడినా. ఎవురికీ చెప్పలే. రాగిగంజిలో కలిపిస్తే సుమ్నే పడుకుంటాడు. నాకు భయం సిస్టరమ్మా. భయానికి ఇచ్చినా."

సిస్టరమ్మ ఆమె మొహంలోకి చూసి, "మీరు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయింది వదినగారూ?" అని మాత్రం అడిగింది. అమ్మ ఏడ్చింది. నాన్న ఆ ఏడుపుకు కళ్లు తెరిచి, బాగున్న చేతిని గాల్లోకి ఎత్తి, ఎవరి కోసమో వెతికాడు. రత్నమ్మ ఆ చేతిని తీసుకెళ్లి అమ్మ చేతిలో పెట్టింది.

తర్వాత నేను రత్నమ్మను అడిగాను, నీకు ముందే తెలుసా అని. "అనుమానం ఉండె అమ్మా" అంది. ఎందుకు చెప్పలేదంటే, "ఎవురు నమ్ముతారు? మీరు నన్నే కదా చూస్తా ఉండింది" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

సిస్టరమ్మే డాక్టరుతో మాట్లాడింది. మంచానికి కమ్మీలు పెట్టించింది. అమ్మ మధ్యాహ్నం పడుకోవడానికి వీలుగా రత్నమ్మ మా ఇంట్లోనే తినేటట్టు చేసింది. రత్నమ్మ పని మానలేదు, నాన్న పోయేదాకా ఉంది. అయితే ఆ రోజునుంచి వెళ్లేముందు అర మాత్రను అరచేతిలో పెట్టి, "చూడండమ్మా, సగమే" అని నాకు చూపించి కానీ డబ్బీలో పెట్టేది కాదు. వద్దన్నా వినేది కాదు. నేను చూసేదాకా చెయ్యి దించేది కాదు.

నాన్న పోయాక నేను సోమవారం పొద్దున ఎదురింటికి వెళ్లడం అలవాటు చేసుకున్నాను. ఆట నాకు సగమే అర్థమయ్యేది. ఆమె పక్కన కూర్చోవడం బాగుండేది. అలా ఒక చలికాలం, ఆమె జట్టు ఆఖరి మెట్టుకు ఒక మెట్టు ముందు ఆడుతోంది. చివరి నిమిషాల్లో ఆటంతా ఒక్క బంతి మీద ఆగింది. ఆమె జట్టు ఆటగాడు పట్టాడా, నేలకు తగిలిందా అన్నది ప్రశ్న. రెఫరీ ముందే తగిలిందని చెప్పేశాడు. ఎన్ని వైపులనుంచి చూపించినా చేతికీ గడ్డికీ మధ్య ఏముందో కనపడలేదు. చివరికి రెఫరీ వచ్చి ఏదో చెప్పాడు. జట్టు ఓడిపోయింది.

మామూలుగా అయితే ఇల్లు ఎగిరిపోయేది. ఆ రోజు ఆమె టీవీ గొంతు తగ్గించి ఊరుకుంది.

"ఏమన్నాడు సిస్టర్?"

"మార్చడానికి ఆధారం చాల్లేదు, కాబట్టి ముందు చెప్పిందే నిలుస్తుంది అన్నాడు." రిమోట్ పక్కన పెట్టి, "ఒప్పు అని తేలొచ్చు, తప్పు అని తేలొచ్చు. ఈ మూడోది ఉంది చూశావా, ఇది పాడుది" అంది.

ఆ మాట ఆటను గురించి కాదని నాకు అనిపించింది. అడగాలా వద్దా అని ఆలోచిస్తుండగా ఆమే చెప్పింది.

కువైట్ వెళ్లకముందు ఆమె ఒంగోలు వైపే ఒక చిన్న ఊళ్లో ఆసుపత్రిలో చేసింది. ఒక బాలింతకు ఇంజక్షన్ ఇచ్చింది. కొద్దిసేపటికే ఆ బాలింత ఒళ్లంతా బిగుసుకుపోయి, తెల్లారేలోపు చనిపోయింది. ట్రేలో పక్కపక్కనే రెండు సీసాలు ఉన్నాయట, ఒకే పరిమాణం, ఒకే రంగు మూత. ఆ రోజు రెండు షిఫ్టులు వరుసగా చేసి ఉంది. సీసాలు ఎవరో ఊడ్చి పారేశారు. విచారణలో ఆధారం లేదని వదిలేశారు. ఆ బాలింత తల్లి మాత్రం గేటు దగ్గర ఆమె చెయ్యి పట్టుకుని, "ఏం చేశావమ్మా నా బిడ్డను" అని అడిగింది.

"అందరూ బతికిపోయావన్నారు. మా అమ్మ ఉపవాస ప్రార్థన పెట్టించింది. నేను ఏది ఎక్కించానో నాకు తెలియదమ్మాయ్. సరైనదే అని ఒక రాత్రి అనిపిస్తుంది. ఇంకో రాత్రి లేబుల్ కళ్ల ముందుకొస్తుంది. ఆ లేబుల్ నేను నిజంగా చూసిందో, తర్వాత నా బుర్ర కల్పించిందో అదీ తెలియదు. నాది తప్పు కాదని ఎవరికో చూపించాలని నాకు లేదు. చేశానో లేదో నాకు తెలిస్తే చాలు. చేశానని తేలినా సరే. ఒక్కసారి, మెల్లిగా తిప్పి చూపిస్తే చాలు."

మీరు అలా చేసుండరు సిస్టర్ అనాలనిపించింది. నోటిదాకా వచ్చింది. ఆ మాట ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో, విన్న ప్రతిసారీ ఎంత ఒంటరిదై ఉంటుందో అనిపించి మింగేశాను. తెర మీద ఓడినవాళ్లూ గెలిచినవాళ్లూ ఒకరి భుజాలు ఒకరు తట్టుకుంటున్నారు. ఆమె లేచి వెళ్లి రెండు కప్పుల టీ తెచ్చింది. నా కప్పు నాకిచ్చేముందు అలవాటు ప్రకారం వాసన చూసింది.

మళ్లీ ఆ సంగతి మా మధ్య రాలేదు. ఆ పై ఏడు నిద్రలోనే పోయింది. కాడుగోడి చర్చి వాళ్లే అంతా చూసుకున్నారు. అమ్మ, నేను, రత్నమ్మ వెళ్లాం. పెట్టె మూసేముందు పాస్టర్‌గారు మాట్లాడారు. మంచి గొంతు ఆయనది. ఎందరు రోగులకు సేవ చేసిందో చెప్పారు, ఎంత నిష్ఠగా బతికిందో చెప్పారు. చివరికి, "ఈ సహోదరి చేతులు ఎవరికీ కీడు చేసి ఎరగవు" అన్నారు.

అందరూ ఆమెన్ అన్నారు. మా అమ్మ కూడా, పక్కవాళ్లను చూసి, అంది. నేను పెట్టెలో ఉన్న ఆ చేతుల వంక చూస్తూ ఉండిపోయాను. ఆ మాట నిజమే అయి ఉండొచ్చు. ఆమెన్ అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు.